పెరటిని గార్డెన్ అనాలా, యార్డ్ అనాలా?

"ఆమె పెరట్లో బట్టలు ఆరవేస్తోంది." ఇంత చిన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయాలన్నా మొదటి చిక్కు పెరటి దగ్గరే ఎదురవుతుంది. లండన్ పాఠకుడి కోసం రాస్తే అది గార్డెన్. చికాగో పాఠకుడి కోసమైతే బ్యాక్‌యార్డ్. ఆ పెరట్లో మొక్కన్నది లేకుండా నేలంతా గచ్చు చేసి ఉంటే లండన్‌లో కూడా అది యార్డే అవుతుంది. ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే మూడూ ఒప్పే. తారుమారు చేస్తే మాత్రం పాఠకుడి కళ్ల ముందు మనం ఊహించని దృశ్యం నిలబడుతుంది.

నిఘంటువు ఇక్కడ పెద్దగా ఆదుకోదు. యార్డ్, కోర్ట్‌యార్డ్, కాంపౌండ్, క్యాంపస్, ప్రెమిసెస్ ఇవన్నీ వెతికి చూడండి. ఆవరణ, ప్రాంగణం అన్న రెండు మాటలే తిరిగి తిరిగి కనిపిస్తాయి. అర్థం అందుతుంది గాని ఎంపికకు దారి దొరకదు. అనువాదం చేసేటప్పుడు నేను నిఘంటువు తెరవడానికి ముందే ఆ చోటును కళ్ల ముందుకు తెచ్చుకుంటాను. కాలి కింద ఏముంది? మట్టా, గడ్డా, రాయా, చెక్కా? తల మీద కప్పు ఉందా, ఆకాశమా? చుట్టూ గోడలా, కంచెనా, ఏమీ లేదా? అక్కడ ఏం పని జరుగుతుంది? వీటికి జవాబు దొరికితే సగానికి పైగా మాటలు వాటంతట అవే తప్పుకుంటాయి. మిగిలిన రెండు మూడింటిలో ఏది తీసుకోవాలో చదివేవారి దేశాన్ని బట్టి తేలుతుంది.

యార్డ్, గార్డెన్, లాన్

యార్డ్, గార్డెన్ దూరపు చుట్టాలు. రెండింటి మూలంలోనూ ఉన్న అర్థం ఒకటే: చుట్టూ కట్టుదిట్టం చేసిన చోటు. యార్డ్ పాత ఇంగ్లిష్ నుంచి నేరుగా దిగింది, గార్డెన్ ఫ్రెంచి మీదుగా తిరిగి వచ్చింది. మూడు అడుగుల కొలతను చెప్పే గజం యార్డ్‌కు మాత్రం ఈ కుటుంబంతో సంబంధం లేదు. అది కర్ర అనే అర్థమున్న వేరే మాట నుంచి పుట్టింది.

బ్రిటన్‌లో ఇంటికి ఆనుకుని, గడ్డో మొక్కలో ఉన్న స్థలమంతా గార్డెన్. ఒక్క పూలమొక్క కూడా లేకుండా ఉత్త గడ్డి ఉన్నా సరే, ముందున్నది ఫ్రంట్ గార్డెన్, వెనకున్నది బ్యాక్ గార్డెన్. అమెరికాలో ఆ స్థలమంతా యార్డ్. అందులో మనిషి తవ్వి, నాటి, నీళ్లు పోసి పెంచుతున్న పాదుల భాగమే గార్డెన్. కాబట్టి అమెరికన్ రచనలో పాత్ర గార్డెన్‌లో ఉందంటే చేతికి మట్టి అంటుకుని ఉంటుందని ఊహించవచ్చు. బ్రిటిష్ రచనలో అదే పాత్ర కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ ఉండవచ్చు.

బ్రిటిష్ యార్డ్‌కు తెలుగులో నాకు దగ్గరగా తోచేది దొడ్డి. పశువుల దొడ్డిలో, బందెల దొడ్డిలో ఉన్న పనితనం, ముతకదనం ఆ మాటలో ఉన్నాయి. ఫార్మ్‌యార్డ్ పశువులది, షిప్‌యార్డ్ ఓడలు కట్టేది, టింబర్ యార్డ్ మన కలప అడితి, రైల్వే యార్డ్ పెట్టెలను విడదీసి కలిపేది. ఇవన్నీ పని జరిగే చోట్లే, అందంకోసం ఏర్పడినవి కావు. తెలుగులో మార్కెట్ యార్డ్ అన్న మాట సహజంగా ఇమిడిపోవడానికి కూడా కారణం ఇదే కావచ్చు. స్కాట్లండ్ యార్డ్ అన్న పేరులోనూ ఉన్నది ఒక స్థలమే. 1829లో ఏర్పడిన లండన్ పోలీసు ప్రధాన కార్యాలయం వెనక వైపు గ్రేట్ స్కాట్లండ్ యార్డ్ అనే వీధిలోకి తెరుచుకునేది. ఆ వీధి పేరే పోలీసులకు స్థిరపడింది.

శ్మశానాలకు కూడా ఈ మాటే వర్తిస్తుంది కాని అక్కడ మరో తేడాను గమనించాలి. చర్చిని ఆనుకుని ఉన్న స్థలం చర్చియార్డ్. చర్చితో సంబంధం లేకుండా విడిగా ఏర్పాటు చేసిన ఖనన భూమి సెమెటరీ. గ్రేవ్‌యార్డ్ ఈ రెండింటికీ చెల్లుతుంది, కాస్త మామూలు మాట. కథలో చర్చి ఉంటే చర్చియార్డ్ రాయండి, ఆ ఒక్క మాటతోనే పరిసరాలన్నీ తయారవుతాయి.

లాన్ విషయంలో పొరపాటు సులభం. లాన్ అంటే గడ్డి నేల కాదు, కత్తిరించిన గడ్డి నేల. కత్తిరింపు ఆగిపోతే కొన్నాళ్లకు ఆ పేరూ చెల్లదు. ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందేవరకు ఆ నునుపు కొడవళ్లతోనో, మేసే గొర్రెలతోనో రావలసిందే. అందుకే అంతకు ముందు లాన్ అన్నది ఎక్కువగా సంపన్నుల ఇళ్లకే పరిమితమైంది. ఇంకో సంగతి, లాన్ ఎప్పుడూ గార్డెన్‌లోనో యార్డ్‌లోనో ఒక భాగం. మొత్తం స్థలానికి ఆ పేరు పెట్టకూడదు.

కాంపౌండ్‌ను మనం మరీ చనువుగా వాడతాం. ఇంటి చుట్టూ గోడ ఉంటే చాలు, లోపలిదంతా కాంపౌండే. ఈ అర్థం ఇంగ్లిష్‌కు ఆసియా నుంచి అందింది. మలయ్ భాషలోని కంపుంగ్ దీనికి మూలమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కాని నేటి బ్రిటిష్, అమెరికన్ పాఠకులకు కాంపౌండ్ అనగానే కాపలా ఉన్న సైనిక స్థావరమో, జైలు ఆవరణో, ఎత్తైన కంచె వెనక దాగిన భవనాల గుంపో తడుతుంది. "పిల్లలు కాంపౌండ్‌లో ఆడుకుంటున్నారు" అని వారికి రాస్తే ఆ పిల్లల మీద జాలి పడతారు. అక్కడ యార్డ్ లేదా గార్డెన్ చాలు. గోడ గురించే చెప్పాలంటే కాంపౌండ్ వాల్ అనకుండా గార్డెన్ వాల్ అనో, బౌండరీ వాల్ అనో రాయండి.

ఒక తోటకు పది పేర్లు

నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇది, ఎక్కువ తప్పులు కనబడేదీ ఇక్కడే. తెలుగులో తోట చాలా ఉదారమైన మాట. మామిడి తోట, అరటి తోట, కొబ్బరి తోట, పూలతోట, టీ తోట, ద్రాక్షతోట, కూరగాయల తోట అన్నీ అందులో ఒదిగిపోతాయి. ఇంగ్లిష్ మాత్రం ప్రతిదాన్నీ విడదీస్తుంది. మామిడి తోటను మ్యాంగో గార్డెన్ అని రాసినప్పుడు చదివేవారికి నాలుగు మామిడి చెట్లున్న పెరడు గుర్తుకొస్తుంది తప్ప పది ఎకరాల తోట కాదు.

పండ్ల చెట్లు వరుసగా నాటి పెంచితే ఆర్చర్డ్. మామిడి, ఆపిల్, జామ దీని కిందికి వస్తాయి. ఆ మాట చివర్లో ఇమిడి ఉన్నదీ పాత యార్డే. ద్రాక్షతోట విన్‌యార్డ్‌లోనూ అదే ఉంది. నారింజ, ఆలివ్, కొబ్బరి విషయంలో గ్రోవ్ ఎక్కువ వినిపిస్తుంది. గ్రోవ్‌కు ఇంకో అర్థం కూడా ఉంది: కింద పొదలు పెరగని చెట్ల చిన్న గుంపు, ఎవరూ నాటనిది కూడా కావచ్చు. తోపు అన్న మన మాట దీనికి చక్కగా సరిపోతుంది. చింతతోపు, తాటితోపు గ్రోవ్‌లే, ఆర్చర్డ్‌లు కావు.

అరటి, రబ్బరు, కాఫీ వంటివి అమ్మకంకోసం పెద్ద ఎత్తున పండిస్తే ప్లాంటేషన్. ఈ మాట వాడేటప్పుడు కాస్త ఆగి ఆలోచించమంటాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల చరిత్ర తెలిసినవారికి ప్లాంటేషన్ అంటే మొదట గుర్తుకొచ్చేది బానిసత్వం. రెండెకరాల అరటి తోట ఉన్న రైతు గురించి రాస్తూ ఆ మాట వాడితే అవసరం లేని బరువు వాక్యం మీద పడుతుంది. అక్కడ బనానా ఫార్మ్ అంటే సరిపోతుంది.

టీ తోట ఇంకో తమాషా చూపిస్తుంది. టీ ఆకు పండించే చోటును భారతీయ ఇంగ్లిష్‌లో టీ గార్డెన్ అనడం స్థిరపడిన వాడుకే. కాని బ్రిటన్‌లో టీ గార్డెన్ అంటే ఆరుబయట కూర్చుని టీ తాగే చోటు కూడా. అస్పష్టత వద్దనుకుంటే టీ ఎస్టేట్ రాయండి.

ఇంటి అవసరాలకు పెంచుకునే కూరగాయల పాదులు కిచెన్ గార్డెన్. అమ్మడానికి పెంచితే బ్రిటిష్ వాడుకలో మార్కెట్ గార్డెన్. ఇంటికి దూరంగా, స్థానిక సంస్థ నుంచి అద్దెకు తీసుకుని కూరగాయలు పండించే చిన్న తుండు అలాట్‌మెంట్. ఇది ప్రధానంగా బ్రిటిష్ వాడుక, అమెరికన్ పాఠకుడికి వివరించవలసి వస్తుంది.

కప్పు ఉందా, లేదా?

ఇంటిని ఆనుకుని ఉన్న చోట్లలో మొదట చూడవలసింది తల మీదికి. కప్పు ఉంటే వరండా, పోర్చ్, పోర్టికో. ఆకాశమే కప్పయితే ప్యాటియో, డెక్, టెర్రస్, కోర్ట్‌యార్డ్. బాల్కనీకి రెండూ చెల్లుతాయి. దాని గుర్తు కప్పు కాదు. పై అంతస్తు గోడ నుంచి బయటికి వచ్చి, చుట్టూ పిట్టగోడో కటకటాలో ఉండడమే దాని లక్షణం.

టెర్రస్ గురించి ముందుగా చెప్పాలి, తెలుగువారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే గనక. మనకు టెర్రస్ అంటే డాబా పైభాగం, వేరే అర్థమే తోచదు. ఇంగ్లిష్‌లో అది మొదట చదును చేసి రాళ్లు పరిచిన నేల, తరచుగా ఇంటి పక్కనే, నేల మట్టంలోనే. కొండవాలు మీద మెట్లుమెట్లుగా చెక్కిన పొలాలూ టెర్రస్‌లే. బ్రిటన్‌లో గోడకు గోడ అంటించి వరుసగా కట్టిన ఇళ్ల వరుస కూడా టెర్రస్సే. టెర్రస్‌లో పుట్టి పెరిగాడని ఒక బ్రిటిష్ రచయిత గురించి చదివితే డాబా మీద గదిలో కాదు, అలాంటి ఇళ్ల వరుసలో అని అర్థం. ఫుట్‌బాల్ వార్తల్లో టెర్రసెస్ అంటే ప్రేక్షకులు నిలబడి చూసే మెట్లు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో ప్రేక్షకులు తొక్కిసలాటలో చనిపోయిన దుర్ఘటన తర్వాత ఇంగ్లండ్‌లోని పెద్ద స్టేడియంలలో వాటిని తీసివేసి కుర్చీలు వేశారు.

అయితే డాబా పైభాగాన్ని ఏమనాలి? రూఫ్ టెర్రస్ అంటే బ్రిటిష్, అమెరికన్ పాఠకులిద్దరికీ అర్థమవుతుంది. అమెరికన్ పాఠకుడికి రూఫ్‌టాప్ ఇంకా తేలిక. బట్టలు ఆరవేయడానికో, పడుకోవడానికో ఎక్కారని చెప్పడానికి ఉత్త రూఫ్ కూడా చాలు. కాని ఆ పాఠకుడు వాలుకప్పు ఊహించుకునే ప్రమాదం ఉంది కాబట్టి మొదటిసారి ఫ్లాట్ రూఫ్ అని రాసి, తర్వాత రూఫ్ అనండి.

ప్యాటియో, డెక్ మధ్య ఎంపిక సులభం. కింద రాయో ఇటుకో కాంక్రీటో ఉండి నేల మట్టంలో ఉంటే ప్యాటియో. చెక్క పలకలతో కట్టి, సాధారణంగా నేలకు కొంచెం ఎత్తులో ఉంటే డెక్. ప్యాటియో స్పానిష్ మాట, అక్కడ దాని అర్థం ఇంటి మధ్యలోని ఆరుబయలు. అంటే మన మండువాకు సరిగ్గా సరిపోయేది. ఇంగ్లిష్‌కు వచ్చాక ఆ మాట ఇంటి మధ్య నుంచి పెరటికి జరిగిపోయింది. అందువల్ల మండువాను ప్యాటియో అనకండి, కోర్ట్‌యార్డ్ అనండి. చుట్టూ గోడలో గదులో ఉండి పైన ఆకాశం కనిపించే చోటు కోర్ట్‌యార్డ్. ఆక్స్‌ఫర్డ్ కళాశాలల్లో దాన్ని క్వాడ్ అంటారు, కేంబ్రిడ్జిలో కోర్ట్ అంటారు. ఆ రెండు ఊళ్లలో కథ నడిస్తే ఈ తేడా పట్టించుకోవడం మంచిది.

వరండా ఇంగ్లిష్‌కు భారతదేశం నుంచి వెళ్లిన మాట, వెనక పోర్చుగీసు వరాండ కూడా ఉంది. ఇంటి వెంబడి పొడవుగా సాగే, కప్పున్న, బయటి వైపు తెరిచి ఉన్న వసారా అది. అమెరికాలో దీనికే పోర్చ్ అంటారు. సాయంత్రాలు కూర్చునేది, ఊగే బల్ల వేలాడేది, పక్కింటివారిని పలకరించేది ఆ ఫ్రంట్ పోర్చ్ మీదే. బ్రిటన్‌లో పోర్చ్ చిన్నది. వీధి తలుపు ముందు వాన పడకుండా కట్టిన కప్పు, చాలాసార్లు దానికీ ఒక తలుపు ఉంటుంది. అక్కడ బూట్లు విప్పుతారు, గొడుగు పెడతారు, సాయంత్రాలు గడపరు. ఎత్తు అరుగున్న తెలుగు వసారాను బ్రిటిష్ పాఠకుడికి చెప్పాలంటే వరండాయే సరైనది.

పోర్టికో మన వాడుకలో ఇంటి ముందు కారు నిలిపే కప్పు. ఇంగ్లిష్‌లో దాని ప్రాణం స్తంభాలు. వైట్‌హౌస్ ముందూ వెనకా కనిపించే ఎత్తైన స్తంభాల మంటపాలు పోర్టికోలు. మామూలు ఇంట్లో కారు కోసం వేసిన కప్పు కార్‌పోర్ట్ మాత్రమే.

ఆటస్థలాలు

గ్రౌండు అన్న ఒక్క మాటతో మనకు అన్ని ఆటలూ గడిచిపోతాయి. బ్రిటిష్ వాడుకలో గ్రౌండ్ అంటే ప్రేక్షకుల చోట్లు, భవనాలు కలుపుకుని మొత్తం స్థలం. ఆట జరిగే నేల ఫుట్‌బాల్‌లో పిచ్. క్రికెట్‌లో పిచ్ అంటే మధ్యలోని 22 గజాల పట్టీ మాత్రమే, దాన్ని కలుపుకుని మొత్తం నేల ఫీల్డ్. "జనం పిచ్ మీదికి దూసుకొచ్చారు" అన్న ఫుట్‌బాల్ వార్తను తెలుగు చేసేటప్పుడు పిచ్ అనే ఉంచితే క్రికెట్ అలవాటున్న పాఠకుడు పొరబడతాడు. మైదానంలోకి అని రాయాలి. అమెరికన్లు ఏ ఆటకైనా ఫీల్డ్ అంటారు. టెన్నిస్, బాస్కెట్‌బాల్ వంటి వాటికి మాత్రం అందరికీ కోర్టే, గోల్ఫ్‌కు కోర్స్.

ప్లేగ్రౌండ్ పిల్లలది. ఊయలలు, జారుడుబల్లలు ఉన్నది, లేదా బడి విరామంలో పరుగులు తీసేది. పెద్దలు మ్యాచ్ ఆడిన చోటును ప్లేగ్రౌండ్ అనకూడదు. చివర ఎస్ చేర్చి గ్రౌండ్స్ అంటే ఆట వదిలేసి వేరే అర్థం వస్తుంది: ఆసుపత్రి, కళాశాల, పెద్ద భవంతి చుట్టూ ఉన్న సొంత స్థలం. ఆవరణకు చాలా సందర్భాల్లో ఇదే మేలైన మాట.

ఫీల్డ్ పొలం కూడా కదా. గడ్డి పెరిగే పొలాల్లో మెడో, పాస్చర్ వేరు. ఎండుగడ్డి కోసం పెరగనిచ్చేది, పూలతో నిండేది మెడో. పశువులు మేసేది పాస్చర్. పచ్చిక బయలును అనువదించే ముందు అక్కడ పశువులున్నాయా అని చూసుకోండి.

అందరి చోట్లు

పార్క్ మొదట్లో అందరిదీ కాదు. వేట జంతువుల కోసం కంచె వేసిన రాజుల, ప్రభువుల భూమి అది. లండన్ హైడ్ పార్క్‌ను 1536లో ఎనిమిదో హెన్రీ వేట కోసమే తీసుకున్నాడు, 1637లో మొదటి చార్లెస్ కాలంలో ప్రజలకు తెరిచారు. ప్రజల డబ్బుతో ప్రజల కోసమే నిర్మించిన ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్ పార్క్ 1847లో వచ్చింది. దాన్ని చూసి వెళ్లిన అమెరికన్ ఉద్యాన రూపశిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ తర్వాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌కు రూపమిచ్చాడు. ఈ చరిత్ర తెలియడం ఎంపికకు పనికొస్తుంది. పాత ఇంగ్లిష్ నవలలో భవంతి చుట్టూ పార్క్ ఉందంటే అది ప్రజల ఉద్యానం కాదు, యజమాని సొంత భూమి.

పార్కుకూ పబ్లిక్ గార్డెన్‌కూ తేడా నడకలో తెలుస్తుంది. పార్కులో గడ్డి మీద పరిగెత్తవచ్చు, బంతి ఆడవచ్చు. గార్డెన్‌లో మొక్కలే ముఖ్యం, మనం బాట మీద నడుస్తూ వాటిని చూస్తాం. కామన్ అంటే పశువులు మేపుకోవడం వంటి ఉమ్మడి హక్కులున్న భూమి. 1634 నాటి బోస్టన్ కామన్‌లో 1830 వరకు ఆవులు మేశాయి. గ్రీన్ ఊరి నడుమ గడ్డి నేల.

భవనాల మధ్య నాలుగు వైపులా వీధులున్న బయలు స్క్వేర్. పేరును మాత్రం నమ్మకండి, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ చతురస్రం కాదు, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ గార్డెనూ కాదు, కప్పున్న క్రీడాశాల. ప్లాజా రాళ్లు పరిచిన బహిరంగ స్థలం, కాని అమెరికాలో దుకాణ సముదాయాలు కూడా ఆ పేరు పెట్టుకున్నాయి. చారిత్రక కూడలి గురించి రాస్తే స్క్వేర్‌కే నా మొగ్గు.

ఇన్, ఆన్

సరైన పేరు ఎంచుకున్నాక దాని ముందు వచ్చే చిన్న మాట దగ్గర పని చెడుతుంది. ఇక్కడ మన భాష మనకు సాయం చేస్తుంది. పెరట్లో, తోటలో, మండువాలో అంటాం, డాబా మీద, అరుగు మీద అంటాం. చుట్టూ హద్దున్న చోటుకు లో, చదునుగా పరుచుకున్న నేలకు మీద. ఇంగ్లిష్ కూడా చాలావరకు ఇలాగే ఆలోచిస్తుంది. గార్డెన్, యార్డ్, కోర్ట్‌యార్డ్, పార్క్, ఆర్చర్డ్ ముందు ఇన్. లాన్, ప్యాటియో, డెక్, టెర్రస్, బాల్కనీ ముందు ఆన్. వరండాకు మనం లో అంటాం గాని ఇంగ్లిష్‌లో ఆన్ వస్తుంది, దాన్ని గుర్తుపెట్టుకోవలసిందే.

ఒకే పేరుకు రెండూ వచ్చినప్పుడు అర్థం మారుతుంది. ఫీల్డ్ ముందు ఇన్ ఉంటే రైతు పొలంలో ఉన్నాడు, ఆన్ ఉంటే ఆటగాడు మైదానంలో ఉన్నాడు. పోర్చ్ ముందు ఆన్ కనిపిస్తే అది మనుషులు కూర్చునే అమెరికన్ వసారా, ఇన్ కనిపిస్తే తడి గొడుగు ఆనించి పెట్టే బ్రిటిష్ గుమ్మం.